కూతురి వంతు సాంచలు

యుగాలను పడుగుగా పరచి, పగటిని రాత్రిని పేకగా మార్చి మార్చి విసురుతూ, ఎవరి కోసమూ గడియసేపు ఆగక నేసుకుపోయే కాలపురుషుని మగ్గం మీద, తాత గుంటమగ్గంలో కాళ్లు దించుకొని చీర నేసిన రోజులు ఒక అంచుగా, తండ్రి పొట్ట చేతబట్టుకొని భివండికి పోయి పరుల కార్ఖానాలో రాత్రిపాళీలు చేసిన రోజులు మరొక అంచుగా, నడుమ తానొక్కడే నిలిచి, సిరిసిల్లలో నాలుగు సాంచల ఆసామి అనిపించుకొని, ఆ నాలుగింటిలో రెండింటిని కొడుకు చదువు కోసం ఇనుము కింద అమ్మి, మిగిలిన రెండింటిని కూతురి చదువు కోసం అమ్మడానికి మాట ఇచ్చి, శ్రావణమాసంలో ఒక గురువారం నాటి వేకువన తన రేకుల షెడ్డులో దీపం వేసుకొని నిలబడేనాటికి రాయమల్లుకు యాభైరెండేళ్లు.

మరమగ్గాన్ని ఆ ఊరివాళ్లు సాంచ అంటారు. సేటు పంపిన నూలు నేసి గుడ్డ అప్పగించే చిన్న యజమానిని ఆసామి అంటారు. రాయమల్లు ఆసామి కాకముందు చాలాకాలం వైపని చేశాడు. సాంచ మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు దాని చివరి పోగులను, అవి దూరివచ్చే పళ్ల చట్రమైన అచ్చులోనే ఉంచి, వెనుక కొత్తగా ఎక్కించిన భీము అనే పడుగు కడ్డీ మీది పోగులను ఒక్కొక్కటిగా తెచ్చి వాటికి కలిపి మెలివేసే పని అది. వేలకొద్దీ పోగులు. బూడిద అద్దుకున్న రెండు వేళ్ల మధ్య పోగు తిరుగుతుండగా అతని చూపు గోడ మీదనో, గుమ్మం వైపో ఉండేది. వేళ్లు మాత్రం జపమాల తిప్పే భక్తుని వేళ్లవలె తమ దారిన తాము నడిచేవి. ఒక పడుగు చివర మరొక పడుగు మొదలు కావడం చేత, పని సాగుతున్న సాంచలో అచ్చు ఏనాడూ ఖాళీ కాదు. ముప్పై ఏళ్ల కిందట వేసిన మొదటి పోగుకు నేటి పోగు వరకు తెగని సంబంధమొకటి ఉంటుంది.

అందుకే వాళ్లలో ఒక కట్టడి ఏర్పడింది. పడుగు కలిసిన సాంచను ఎవరూ విప్పరు. తన సాంచకు మొదటి పోగు కలిపినవాడే ఆ భీమును దింపి, గుడ్డ కోసి అప్పగించాలి. కలిపిన పడుగును నడుమ కత్తెరతో కోసే సందర్భం ఒక్కటే ఉంది: ఆ ఇంట నేసేవాడు కన్నుమూసినప్పుడు.

కొడుకు నరేశ్ కోసం రెండు సాంచలు పోయిన సంవత్సరం రాయమల్లుకు బాగా గుర్తు. హైదరాబాదు పొలిమేరలో ఒక ఇంజనీరింగు కాలేజీ. నాలుగేళ్లు చదివి నరేశ్ పట్టా తెచ్చుకున్నాడు. పట్టా ఇచ్చిన కాలేజీ ఆ తరువాత పిల్లలు చేరక మూతపడింది. నరేశ్ ఇప్పుడు అదే నగరంలో మోటారుసైకిలు మీద అన్నం పొట్లాలు ఇంటింటికీ చేరవేస్తున్నాడు. ఆ రెండు సాంచలూ ముక్కలై వాకిలి దాటిన సాయంత్రం రాయమల్లు స్నానం చేసి, దేవుని అర ముందు దీపం పెట్టి, ఎవరూ అడగకుండానే భార్య చంద్రవ్వతో ఒక మాట అన్నాడు: "కొడుక్కు రెండు పోయినయి. మిగిలిన రెండు బిడ్డవి." తలుపు అవతల కండెలు చుడుతున్న పదేళ్ల నవ్యశ్రీ ఆ మాట విన్నది. విన్నట్లు ఎన్నడూ చెప్పలేదు.

ఆ నవ్యశ్రీ ఇప్పుడు ఇంటరు ముగించింది. హైదరాబాదులోని ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటరు చదువుకు సీటు వచ్చింది. కరీంనగరులో సర్కారు డిగ్రీ కాలేజీలోనూ బీయెస్సీ సీటు వచ్చింది గాని దాని ఊసు ఆ ఇంట ఎవరూ ఎత్తలేదు. హైదరాబాదు సీటు నిలవాలంటే శుక్రవారం సాయంత్రంలోగా మొదటి రుసుము కట్టి చేరినట్లు చెప్పాలి. సర్కారు ఇచ్చేది పోను మిగిలిన ఫీజుకూ, హాస్టలుకూ రెండు సాంచల ఇనుము సరిగ్గా సరిపోతుందని రాయమల్లు తేల్చుకున్నాడు. పాత ఇనుము కొనే ఫజలుద్దీనుతో మాట అయిపోయింది. శుక్రవారం ఫజలుద్దీనుకు జుమ్మా, ఆనాడు అతడు సుత్తె ముట్టడు. ఇక్కడ చంద్రవ్వకు శ్రావణ శుక్రవారం, ఆనాడు ఇంట్లోంచి ఇనుప ముక్క కూడా గడప దాటనీయదు. కాబట్టి గురువారమే పని కావాలి. ఆ రోజు దాటితే సీటు లేదు.

ఆ వేకువన రాయమల్లు షెడ్డులోకి పోయింది సాంచలను తుడవడానికే. ఎన్నో ఏళ్లు అన్నం పెట్టినవాటిని దుమ్ముతో పంపడం అతనికి మనసొప్పలేదు. గోడవైపు సాంచ అప్పటికే ఖాళీ. దాని అచ్చు తీసి, బట్టలో చుట్టి, అటక మీద పెట్టాడు. గుమ్మం వైపు సాంచకు మాత్రం పాత పడుగు తోక అచ్చులో వేలాడుతూ ఉంది. వెనుక కొత్త భీము కూర్చుని ఉంది. వారం కిందట, ఇనుము మాట ఇంకా తేలకముందు, సేటు మనుషులు ఎప్పటివలె తెచ్చి ఎక్కించిపోయిన భీము అది. బడిపిల్లల యూనిఫాం గుడ్డకని పంపిన నీలిరంగు నూలు. పొద్దెక్కినాక సేటుకు కబురుచేసి దింపించాలనుకున్నాడు.

దూదిపొట్టు ఊది, నూనెగుడ్డతో ఇనుమంతా తుడిచి, అలసి, భీముకూ అచ్చుకూ మధ్య తాను ఎప్పుడూ కూర్చునే పీట మీద కూర్చున్నాడు. కూతురు నగరంలో ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది అని తలపోశాడు. కొడుకు ముఖం మదిలో మెదిలింది. అతణ్ణి చేర్చడానికి కాలేజీ గేటు ముందు తాను నిలబడిన రోజు కూడా. రేకుల సందులోంచి వెలుగు సన్నగా దిగి నేల మీద జరుగుతూ ఉంది.

"ఏం జేస్తున్నవయ్యా నువ్వు?"

గుమ్మంలో చంద్రవ్వ. చేతిలో చాయ గ్లాసు.

రాయమల్లు తన చేతులవైపు చూసుకున్నాడు. వేళ్లకు బూడిద ఉంది. బూడిద చిప్ప ఎప్పుడు దగ్గరికి లాక్కున్నాడో అతనికే తెలియదు. నీలి పోగులు పాత తోకకు కలిసి, ఒక పక్క నుంచి జానెడు మేర బిగువుగా నిలిచి ఉన్నాయి.

"ఎవని సాంచకు కడుతున్నవ్?" చంద్రవ్వ గొంతు పెరిగింది. "పొద్దుగూకకముందు ఇనుపాయన వచ్చి పలగ్గొట్టేదానికి వైపని జేస్తున్నవా? నీకేమన్న గాలి సోకిందా?"

"తుడుద్దామని వచ్చిన," అన్నాడు రాయమల్లు.

"తుడుద్దామని వస్తె పోగులు గలుస్తయా?"

అతని వేలి కొనలో అప్పటికే సగం మెలిపడిన పోగు ఒకటి ఉంది. దాన్ని వదిలేద్దామనుకున్నాడు. వదలలేక పూర్తిచేశాడు. అది చూసి చంద్రవ్వ నొసలు కొట్టుకుంది.

ఆ అరుపుకు నవ్యశ్రీ లేచి వచ్చింది. వచ్చి, తల్లి భుజం మీదుగా సాంచను చూసింది. నేతింటి పిల్లకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. కట్టిన పడుగు మీద సుత్తె పడదు. సుత్తె పడకపోతే రేపటికి ఫీజు లేదు. ఆమె లోపలికి పోయి, సర్దుకుంటున్న పెట్టె మూత వేసి, దాని మీదే కూర్చుంది. షెడ్డులోకి ఆ మూత చప్పుడు వినిపించింది. ఆ ఉదయం రాయమల్లును భయపెట్టింది భార్య అరుపు కాదు, ఆ చప్పుడు.

మొదటి బస్సు పట్టుకొని నరేశ్ దిగేసరికి ఎండ వాకిట్లోకి వచ్చింది. చంద్రవ్వే ముందురోజు ఫోను చేసి రమ్మన్నది, ఇనుము ఎత్తించడానికి ఇంటి మనిషి ఒకడుండాలని. అతడు చెప్పులు విడిచి, షెడ్డులోకి తొంగిచూసి, సాంచ ముందు ఒక నిమిషం నిలబడి పక్కున నవ్వాడు.

"బాపు, నీ చేతికున్న తెలివి నీకు లేకపాయె! అమ్మద్దని నేను నెల సంది మొత్తుకుంటున్న. నీ చెయ్యి ఒక్క పొద్దుల్నే తేల్చేసింది."

"నవ్వుతానవా నువ్వు?" చంద్రవ్వ వంటింట్లోంచి వచ్చింది. "నీ చదువుకు రెండు సాంచలు మింగినవ్. చెల్లె కాడికి వచ్చేసరికి నవ్వొస్తుందా?"

నరేశ్ నవ్వు ఆగింది. "మింగిన. అరుగలే. అరుగలేదు కాబట్టే చెప్తున్న."

"ఏం చెప్తవ్?"

"మొండయ్య పెదబాపు కొడుకు పదోది పాసై ఐటీఐ చేసిండు. ఊరంత నవ్వింది వాన్ని. ఇయ్యాల రామగుండంల కరెంటు కొలువు. వానికి నెత్తిమీద హెల్మెటే, నాకూ హెల్మెటే. వాడు పని దిగి ఇంట్లకు పోతడు, నేను బండి దిగి మంది ఇంటి ముంగట నిలబడి బెల్లు కొడుత. ఇంజనీరునే గద నేను! లిఫ్టు పనిజెయ్యకపోతె ఎన్నో అంతస్తుదాక ఎక్కాలెనో లెక్క మంచిగ గడుత."

రాయమల్లు తల దించుకొనే అడిగాడు. "చదువు వట్టిగ పోతదారా?"

నరేశ్ గోడవైపు ఖాళీ సాంచ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "వట్టిగ పోలే బాపు. ఎవలతోనన్న మాట్లాడస్తది నాకు, కాయితం జూస్తె భయం లేదు. కని గదానికి రెండు సాంచలు ఎక్కువ. నేను చేరింది కాలేజి గాదు, దుకాణం. గిది గూడ అసొంటిదే అనిపిస్తుంది నాకు. కరీంనగర్ల సర్కారు కాలేజి ఉన్నది. బస్సెక్కి పోయి రావచ్చు. గీ సాంచలు ముట్టే పనే లే."

"అంటె నీకు హైదరాబాదు, అది ఆడపిల్ల కాబట్టి దానికి బస్సా?" అన్నది చంద్రవ్వ.

"నేను గట్ల అన్ననా అవ్వా!"

"అన్నవ్. నోటితోటి అనలే, గంతే."

రాయమల్లు ఆ ఇద్దరి మాటలూ విన్నాడు. కొడుకు చెప్పింది నిజమే కావచ్చు. భార్య చెప్పింది అంతకన్నా నిజం. తండ్రి చేతిలో ఉన్నది ఇద్దరు బిడ్డలకూ సమంగా పంచడమే ధర్మమని అతడు చిన్ననాట వేములవాడ రాజన్న గుడి మండపంలో పురాణం చెప్పగా విన్నాడు. సమంగా పంచినది ఫలిస్తుందా లేదా అన్నది తన చేతిలో లేదని కూడా అక్కడే విన్నాడు. కాని తన చెయ్యి ఆ ఉదయం చేసిన పని ఏ ధర్మం కిందికి వస్తుందో అతనికి తోచలేదు.

లోపలి నుంచి నవ్యశ్రీ వచ్చింది. గుమ్మానికి ఇవతలే నిలబడింది.

"బాపు, ఒక్క మాట అడుగుత. నిజం చెప్పు. మర్చిపోయి కట్టినవా? మతిలుండే కట్టినవా?"

పక్కింటి సాంచలు టకటక ఆడుతూనే ఉన్నాయి. రాయమల్లు 'మర్చిపోయిన బిడ్డా' అని చెప్పి ఉంటే అంతటితో పోయేది. మాట నాలుక చివరికి వచ్చింది కూడా. కాని ఆ పిల్ల కళ్లలోకి చూస్తూ, తనకు తెలియనిదాన్ని తెలిసినట్లు చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

"నాకెర్కలే బిడ్డా," అన్నాడు. "పంపద్దని అయితె అనుకోలే. ఏలు ఏమనుకున్నదో నాకెర్కలే."

నవ్యశ్రీ పెదవులు బిగించింది. "ఎర్కలేదా?" అని మాత్రం అని, ముఖం తిప్పుకుంది. ఆ తిప్పుకోవడంలో ఉన్నదంతా తండ్రికి అర్థమైంది. కొడుకు కోసమైతే ఈ చేతులు పడుగు కట్టలేదు. కూతురి వంతు వచ్చేసరికి కట్టాయి. ఇక తాను ఏం చెప్పినా ఆ పిల్ల మనసులో ఈ లెక్కే నిలిచిపోతుంది.

మధ్యాహ్నం నమాజు ముగించుకొని ఫజలుద్దీను వచ్చాడు. ట్రాలీ ఆటో వాకిట్లో ఆగింది. ఇద్దరు పనివాళ్లు సుత్తెలు దింపారు. తెల్ల గడ్డం, భుజం మీద గళ్ల తువ్వాలు. ఈ వీధిలో అతడు ఎత్తుకుపోని ఇంటి ఇనుము లేదు. నరేశ్ వంతు సాంచలనూ అతడే తీసుకుపోయాడు.

"సలాం రాయమల్లన్నా. జర జల్ది గానియ్యాలె, మబ్బు వడుతుంది," అంటూ లోపలికి వచ్చినవాడు రెండో సాంచ దగ్గర ఆగిపోయాడు. వంగి, నీలి పోగులను వేలితో ముట్టకుండా చూశాడు. "అరే! గిదేందన్నా? నేను ముర్దా సాంచలకు బయానా ఇస్తిని. ఇది జిందా ఉన్నది గద!"

"పొరపాటైంది ఫజల్ భాయ్," అన్నది చంద్రవ్వ. "జర గా కట్టింది ఇప్పేసుకుంటం. నువ్వు కూసో, చాయ తాగు."

"కలిసిన పోగు ఇప్పుతె వస్తదా చెల్లె? నాకు తెల్వదా?" ఫజలుద్దీను పీట లాక్కొని కూర్చున్నాడు. "చూడుండ్రి, ఇనుము కొనే ఆదమీని నేను, నాకు రహెమ్, దయ లేదని అంటరు మంది. అననీ. కని పడుగున్న సాంచ మీద సుత్తె ఎత్తద్దని మా అబ్బా మాట తీస్కున్నడు నాతోని. ఆయన గూడ మీ వాళ్ల తోనే చాయ తాగి బతికిండు. గా ఖాళీది తీస్కపోత. ఇది దిగినంక కబురు జెయ్యి, వస్త."

"దిగేసరికి ఇరువై రోజులు," అన్నాడు నరేశ్.

"అయితె ఇరువై రోజులకు వస్త."

"మా చెల్లె సీటు రేపటికి పోతది కాకా."

ఫజలుద్దీను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

అప్పుడు రాయమల్లు లేచాడు. గోడకు కొట్టిన మేకు నుంచి గుడ్డ కోసే పెద్ద కత్తెర తీశాడు. అతడు ఎందుకు లేచాడో మొదట ఎవరికీ అర్థం కాలేదు. అతడు సాంచ వెనక్కి నడిచి, భీముకూ అచ్చుకూ నడుమ నిలబడి, కత్తెర నోరు తెరిచేసరికి చంద్రవ్వ కెవ్వుమన్నది.

"ఓ దేవుడా! ఏం జేస్తున్నవయ్యా! బతికుండంగనే పడుగు కోస్తవా? నన్ను ముండమోపిని జేస్తవా?"

నరేశ్ ఒక్క దుముకున వచ్చి తండ్రి మణికట్టు పట్టుకున్నాడు. "బాపు, నీకేమన్న పిచ్చా?"

"ఇడువురా."

"ఇడువ."

"ఇడువుమంటున్న గద!" రాయమల్లు గొంతు ఆ ఇంట్లో అంత గట్టిగా వినిపించడం అదే మొదలు. నరేశ్ చెయ్యి వదిలాడు. "నీయి రెండు పొయ్యేటప్పుడు నాకు ఏలు వణుకలే. దీనియి పొయ్యేటప్పుడు ఏలు పోయి పోగు కలిపింది. నా కడుపులనే దొంగ ఉన్నడో లేడో నాకు తెల్వది. తెల్వనప్పుడు కోసుడే నయం. నేసేటోడు పోయిండనుకోండ్రి. రేపటిసంది మంది సాంచ మీద కూలికి పోత. ఏమైతది?"

ఫజలుద్దీను లేచి వాకిట్లోకి నడిచాడు. "నీ సాంచ, నీ మర్జీ అన్నా. నేను మాత్రం చూడ," అంటూ ఆటో పక్కన అటు తిరిగి నిలబడ్డాడు.

కత్తెర పోగుల మీద ఆనింది. నీలి పడుగు దాని బరువుకు కొంచెం కిందికి వంగింది. ఒక్క నొక్కు చాలు. రాయమల్లు నొక్కలేదు. అతని కళ్లు కూతుర్ని వెతికాయి. ఆమె గుమ్మం దాటి లోపలికి వచ్చి, తండ్రికి ఎదురుగా, అచ్చుకు అవతలి వైపు నిలబడి ఉంది.

అతడు కత్తెరను తిప్పి, పిడి ఆమెవైపు చాపాడు.

"నేను కోసుడు గూడ తప్పే," అన్నాడు. "ఇవి నాయి గావు. రెండూ నీయే. నీ సాంచ మీద నేను పొద్దున కట్టుడు తప్పు, ఇప్పుడు కోసుడు తప్పు. నువ్వే చెప్పు. కొయ్యమంటె కోస్త. కోసినా నీయే, కొయ్యకున్నా నీయే. ఇయ్యాల తీస్కోకుంటె రేపు ఉండయని అనుకోకు. నీ లగ్గమైనంక గూడ నీయే. ఫజల్ భాయ్! ఇటు తిరుగు. గీ మాటకు నువ్వు సాక్షి."

ఫజలుద్దీను ఇటు తిరిగాడు. తల ఊపాడు.

నవ్యశ్రీ కత్తెర అందుకుంది. తల్లి పెదవులు దేవుణ్ణి తలుస్తూ కదులుతున్నాయి. పక్కింట్లో ఎవరో సాంచలు ఆపినట్లున్నారు.

"లగ్గమైనంక గూడనా?" అని అడిగింది.

"అవు."

ఆమె కత్తెర తీసుకుపోయి గోడ మేకుకు తగిలించింది. వెనక్కి వచ్చి, అన్నవైపు తిరిగి మాట్లాడింది.

"పోయిన ఆదివారం గా కాలేజీల చదివే ఒక పిల్లతోని ఫోన్ల మాట్లాడిన. సగం పాఠాలకు సార్లు లేరన్నది. మంచిగ లేదని నాకు అప్పుడే ఎర్క."

"మరి చెప్పకపోతివేందే!" అన్నది చంద్రవ్వ.

"ఎట్ల చెప్పాలె? వద్దంటె 'సరె' అని సాంచలు ఉంచుకుంటరు. ఎనుకకు పెండ్లంటరు. ఇగ నా వంతు ఏడికి వోతదో. ఇప్పుడు తీస్కుంటెనే నాది అనుకున్న. సార్లు ఉన్నా లేకున్నా."

రాయమల్లు పీట మీద కూర్చున్నాడు. ఆ పిల్ల ఎన్ని ఏళ్లుగా ఆ తలుపు అవతలి మాటను పట్టుకొని ఉందో అతనికి అప్పుడు తెలిసింది.

"గా ఖాళీ సాంచ తీస్కపోండ్రి కాకా," అన్నది నవ్యశ్రీ ఫజలుద్దీనుతో. "ఇది ఉండనీ. ఇది నాదే, నా పేరు మీద ఆడుతది. బాపు కట్టిండు, బాపే దించుతడు. అటెనుక సంగతి నేను చెప్త."

"కరీంనగర్ పోతవా?" నరేశ్ కళ్లు మెరిశాయి. "నేను చెప్తలేనా! పొద్దున బస్సెక్కితె..."

"బస్సు గాదు. హాస్టల్ల ఉంట. ఒక్క సాంచ ఇనుము గందుకే. పదేండ్లు గీ సాంచల చప్పుడుల చెవుల దూది పెట్టుకొని చదివిన అన్నా. నాకు చప్పుడు లేని అర్ర ఒక్కటి కావాలె. మూడేండ్లు."

తన సలహా ప్రకారమే చెల్లెలు నడుస్తున్నదని నరేశ్ సంతోషించబోయాడు. రేపు అది కూడా ఫలించకపోతే ఆ మాట తన మెడకే చుట్టుకుంటుందని తోచి, ఆ సంతోషం మధ్యలోనే ఆగింది.

"గల్లీల పోరగాండ్లందరు కంప్యూటర్లు చదువవట్టిరి," అన్నది చంద్రవ్వ, ఇంకా ఒప్పుకోలేక. "బీయెస్సీ చదివి ఏం జేస్తవే?"

"ఎర్కలేదవ్వ. చదివినంక చెప్త."

"ఇదొకటి! బాపుకు ఎర్కలే, బిడ్డకు ఎర్కలే. మంచిగ దొరికిండ్రు నాకు ఇద్దరు!" చంద్రవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకొని చాయ పెట్టడానికి పోయింది.

గోడవైపు సాంచ మీద మొదటి సుత్తె దెబ్బ పడేసరికి చినుకులు మొదలయ్యాయి. పోత ఇనుము పగిలే మోత రేకుల కింద గంటలాగా మోగింది. నరేశ్ చొక్కా విప్పి, ముక్కలను ఒక్కొక్కటిగా ట్రాలీలోకి చేరవేశాడు. "నాయి రెండు ఏ ఊర్ల ఏ ఇంటికి కడ్డీలయినయో కాకా?" అని అడిగితే, "ఎవని ఇంట్లనో స్లాబు మోస్తున్నయి బేటా, ఫికర్ జెయ్యకు," అన్నాడు ఫజలుద్దీను.

అంతసేపూ రాయమల్లు రెండో సాంచ దగ్గర కూర్చుని వైపని చేస్తూనే ఉన్నాడు. మొదలుపెట్టిన భీము అది. తాను కలపాలి, తానే దించాలి. కాని ఈసారి వేళ్లు వాటంతట అవి నడవలేదు. ప్రతి పోగునూ కంటితో చూసి, పట్టుకొని, మెలివేయవలసి వచ్చింది. పక్కన దెబ్బ పడినప్పుడల్లా భుజం ఉలికిపడి ఒకటి రెండు పోగులు జారాయి. కొంతసేపటికి నవ్యశ్రీ వచ్చి అవతల కూర్చుని, భీము నుంచి పోగులను వరుసగా తీసి అందించసాగింది.

ఆమె ఆ చదువును మనసారా కోరుకున్నదో, కత్తెర పట్టిన తండ్రిని చూసి కోరుకున్నదో రాయమల్లుకు తెలియలేదు. అడుగుదామని ఒకటి రెండుసార్లు తల ఎత్తాడు. ఉదయం తాను చెప్పిన జవాబే ఆమె నోట వస్తుందేమోనన్న భయంతో మళ్లీ దించుకున్నాడు. మూడేళ్ల తరువాత ఆ చదువు ఏమవుతుందో, అప్పటికి సేటు నూలు పంపుతాడో లేదో ఎవరూ చెప్పలేరు. ఆదివారం ఆమె పెట్టెతో కరీంనగరు బస్సు ఎక్కింది. అతడు షెడ్డుకు తిరిగివచ్చి మోటారు వేశాడు. ఒంటి సాంచ చప్పుడు మొదట అతని చెవికి ఆనలేదు. ఎప్పుడూ జంటగా విన్న చప్పుడది. సగం లయ దగ్గర ప్రతిసారీ ఒక ఖాళీ మిగిలేది. ఆ ఖాళీలో నీలి గుడ్డ కొంచెం కొంచెంగా ముందుకు జరిగింది.

వేములవాడ రాజరాజేశ్వరుని కరుణ వలన రాయమల్లు వేళ్లకు సత్తువ, చంద్రవ్వ పసుపుకుంకుమలకు నిలుకడ, నరేశ్ తిరిగే దారులకు ఒక గమ్యం కలుగుగాక. ఆ ఇంటి ఆడపిల్లకు చప్పుడు లేని గదిలో చదువు నిండుగా అబ్బుగాక. ఆమె తిరిగివచ్చి తన సొత్తు సంగతి తానే చెప్పేనాటికి ఆ సాంచ తుప్పు పట్టకుండుగాక, దాని అచ్చు ఒక్కనాడైనా ఖాళీ కాకుండుగాక, ఆ గడప లోపల ఇచ్చిన మాటకూ నేసిన గుడ్డకూ ఏనాడూ చిరుగు లేకుండుగాక.